మీటరు మంచిగనే చూపించింది

ఇది పొడుగు పోస్టు, ముందే చెప్తున్న. నేను ఇక్కడ స్కాలర్‌షిప్ తారీఖులకు, నోటిఫికేషన్లకు కామెంట్లు పెట్టుడే తప్ప సొంతంగ ఏమీ రాయలేదు. మొన్న ఒక సీనియర్ అన్న "పని చేసుకుంట చదివేటోళ్లు ఆ పనిల ఏం నేర్చుకున్నరో రాయండి" అన్నడు గదా, అందుకే రాస్తున్న. నేను నేర్చుకున్నది ఒక పాత మారుతి 800 దగ్గర. అక్కడనే ఒక తప్పు గూడ చేసిన. తప్పు దాచి మిగిలింది రాస్తే అది అబద్ధమైతది.

మాది దేవరకొండ దిక్కు తండా. మా ఇంట్ల పదో తరగతి దాటినోణ్ణి నేనే. డిప్లొమా చేసి, లేటరల్ ఎంట్రీల మెకానికల్ బీటెక్ రెండో సంవత్సరంల చేరిన. ఎల్బీనగర్ దిక్కు హాస్టల్ల ఉంట. దేవరకొండ బస్సు సాగర్ రింగ్ రోడ్డుల దింపుతది కాబట్టి మా దిక్కు పిల్లలు చానామంది ఈ చుట్టుపక్కలనే ఉంటరు. సాయంత్రాలు, ఆదివారాలు అల్మాస్‌గూడల ఒక మెకానిక్ షెడ్డుకు పోత. రేకుల షెడ్డు, ముందల వేపచెట్టు, ఒకేసారి మూడు కార్లు పడతయ్. రాత్రి తొమ్మిదికి హాస్టల్ గేటు పడుతది, ఎనిమిదికే చేతులు కడుక్కొని ఉరుకుడే.

మా ఉస్తాద్ ముప్పై ఏండ్ల నుంచి ఇదే పని చేస్తున్నడు. అంబాసిడర్లు, పద్మినీల మీద చెయ్యి తిరిగిన మనిషి. కార్బొరేటర్ మూత తీసి వాసన చూసి పెట్రోలు ఎక్కువ పోతుందో తక్కువ పోతుందో చెప్తడు. నేను నమ్మకపోయేది, తర్వాత కళ్లతో చూసిన.

ఇగ కారు సంగతి. ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ సారుది. 2002 మోడల్ మారుతి 800, తెల్లది, ఇంకా 'ఏపీ' నెంబరు ప్లేటే. సారు దాన్ని పీఎఫ్ లోను పెట్టి కొన్నడట. ఈ కారును పాత క్లాసిక్ కారు అంటే మీరు నవ్వొచ్చు. ప్రభుత్వం కాగితాల్ల 'వింటేజ్' అనాలంటే 50 ఏండ్లు దాటాలె, 2021ల రూల్ పెట్టిన్రు. కానీ మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబరుల ఢిల్లీల చేతికిచ్చిన్రు, తయారీ 2014 జనవరిల ఆగిపోయింది. హైదరాబాద్‌ల అయితే ఇంకా ముందే, 2010 ఏప్రిల్‌ల 13 నగరాలకు బీఎస్-4 వచ్చినప్పుడే కొత్తవి అమ్ముడు బందైంది. రోడ్డు మీద రోజురోజుకు తక్కువైతున్నయ్. సారు మాత్రం అది ఎవ్వరికీ ఇయ్యడు.

డిసెంబరు చలిల కారు తెచ్చిండు. పొద్దుగాల స్టార్ట్ కాదు, ఏడెనిమిది సార్లు తిప్పితే ఫట్ ఫట్ మని లోపల పేలుతది. రాత్రి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసుకొని కర్మన్‌ఘాట్ సిగ్నల్ల ఆగితే బండి జ్వరమొచ్చినట్టు వణుకుతది. మధ్యాహ్నం వేడి మీద మాత్రం ఏ రోగం లేదు.

చూసినోళ్లందరు ఒకటే మాట, "ఇది ఈ-20 పెట్రోలు సార్, పాత బండ్లకు పడది". అది పూర్తిగ తప్పు గూడ కాదు. మామూలు పెట్రోలు ఒక కిలో సరిగ్గ కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలె. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఇథనాల్ కలిసినకొద్దీ అదే గాలికి ఇంధనం కొంచెం ఎక్కువ పోయాలె. పాత లెక్కతోనే పోస్తే మిశ్రమం పల్చబడ్తది. కానీ సారు పక్కింటాయన దగ్గర గూడ అట్లాంటి కారే ఉంది, అదే బంకుల పోయిస్తడు, దానికి ఈ రోగం లేదు.

ఉస్తాద్ ప్లగ్గులు విప్పి చూసిండు. తెల్లగ, సున్నం పూసినట్టు ఉన్నయ్. మిశ్రమం పల్చగ కాలుతుందని దాని గుర్తు. "పెట్రోలు తక్కువ పోతుంది బేటా. సామాను ముట్టుకునే ముందు బ్యాటరీ, వైరింగు నువ్వు చూడు. ఇంజనీరువు గదా" అన్నడు.

నేను మల్టీమీటరు పట్టుకొని పోయిన. బ్యాటరీ మీద పెడితే 12.5. నిండ ఛార్జి ఉన్న బ్యాటరీకి ఊర్కెనె ఉన్నప్పుడు 12.6 దాక ఉంటది, 12.2కు వస్తే సగమైనట్టు. కాబట్టి మంచిగనే ఉంది అనుకున్న. తర్వాత ఇంజెక్టర్ పిన్ను ఊడబీకి, తాళం చెవి తిప్పి, వచ్చే కరెంటు చూసిన. 12.4. "కరెంటు ఓకే ఉస్తాద్" అని షెడ్డంత వినపడేటట్టు అన్న.

నిజం చెప్పాలంటే, చూసింది సరిపోయిందా లేదా అని నాకు అనుమానం ఉండె. అడగాలె. అడగలేదు. కాలేజీల ఒకడు నా ముంగటనే "కోటా సీటు" అని నవ్విన కాడి నుంచి "నాకు తెల్వది" అనే మాట నా గొంతుల ఇరుక్కపోతది. మీల కొందరికి ఇది చెప్పకుండనే సమజైతది.

నా మాట నమ్మి ఉస్తాద్ పెట్రోలు దారి పట్టుకున్నడు. ఫిల్టర్ మార్చిండు, మూడు ఇంజెక్టర్లు క్లీనింగ్ చేయించిండు, 900. తేడా లేదు. రాణిగంజ్‌ల సెకండ్ హ్యాండ్ ఇంజెక్టర్ల సెట్టు తెచ్చిండు, 2,400. ట్యాంకుల పంపు గూడ మార్చిండు, 2,200. మొత్తం 5,500. సారు అడ్వాన్సు 3,000 ఇచ్చిండు. కారు ఇంటికి పోయింది. మూడో రోజు పొద్దుగాల సారు ఫోను. అమ్మగారిని కంటి ఆపరేషన్‌కు తీసుకపోవాలె, కారు లేవలేదు, ఆటోల పోయిన్రట. సారు తిట్టలేదు. "చూసినమన్నరు గదా బాబూ" అన్నడు, అంతే. తిడితే బాగుండు అనిపించింది.

ఆ రాత్రి హాస్టల్ల కూసొని బుక్కు తీసిన. బేసిక్ ఎలక్ట్రికల్. అందుల నాకు మంచి మార్కులే వచ్చినయ్. వోల్టేజ్ డ్రాప్ అంటే కరెంటు ఇంటూ రెసిస్టెన్స్, పరీక్షల రాసిన గూడ. బుక్కు నాకు ఏం చెప్పలేదు. ఏమన్న చెప్పిందంటే అది బాపు ఫోనే.

బాపు రోజూ రాత్రి చేస్తడు. తిన్నవా, చలి పెడుతుందా, అంతే ఉంటది మామూలుగ. ఆ రోజు బోరు మోటరు గొడవ ఎత్తుకున్నడు. మా మాటల చెప్పింది తెలుగుల రాస్తున్న.

"మోటరు ఏస్తే గుర్రుమంటది, తిరగది. లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి నాలుగొందలు దాటి ఉంది, కరెంటు మంచిగుంది, మీ మోటరే కాలింది అన్నడు. నేను గాదన్న. బోర్డు మీద బల్బు చూడు, మోటరు ఏసినప్పుడు ఎర్రగైతుంది. మోటరు ఆడంగ మీటరు పెట్టు అన్న. పెట్టిండు. మూడొందల ఇరవైకి పడ్డది. చూస్తే స్తంభం మీద జంపరు కాలి సగమే అంటుకోని ఉంది. ఊర్కెనె పెడితే మీటరు ఎప్పుడు మంచిగనే చూపిస్తదిరా. బరువు ఎత్తినప్పుడు గదా తెల్సేది."

బోర్లున్న ఇండ్లల్ల పెరిగినోళ్లకు ఇది కొత్త కాదు. స్టార్టర్ డబ్బా పక్కన బల్బులు ఎందుకు పెడ్తరో మనకు చిన్నప్పటి నుంచి తెల్సు. బల్బు డిమ్ముగ ఉంటే మోటరు ముట్టద్దు, వైండింగు కాల్తది. నేను చిన్నగున్నప్పుడు మా బాపు నన్ను ఆ బల్బు చూసి రమ్మని పంపేటోడు, "తెల్లగుందా ఎర్రగుందా" అని. అదే పని కారుల చెయ్యాలని నాకు తట్టలేదు. మీటరు చేతిల ఉంటె బల్బు ఎవడు చూస్తడు?

తెల్లారి కాలేజీ అయిపోంగనే షెడ్డుకు ఉరికిన. కారు మళ్ల తెచ్చి పెట్టిన్రు. బ్రేకు లైటుల పెట్టే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికిన. బ్యాటరీ మీద పెడితే కండ్లు జిగేల్. ఇంజెక్టర్‌కు కరెంటు తెచ్చే వైరు మీద పెట్టిన. పసుపుపచ్చగ, నిద్రపోతున్నట్టు వెలిగింది. బల్బు వెలుగుతుండంగనే మీటరు పెడితే 10.2. అదే సమయంల బ్యాటరీ మీద 12.4. మధ్యల రెండు వోల్టుల పైన ఎక్కడనో మింగుతుంది.

వైరు పట్టుకొని పోయినం. డ్యాష్‌బోర్డు కింద, చెయ్యి మాత్రమే పోయే జాగల, నల్ల టేపు చుట్టిన ఒక జాయింటు. ఎప్పుడో ఎవరో అలారం పెట్టనీకి ఆ వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి పోయిన్రు. అలారం తీసేసిన్రు, జాయింటు మిగిలింది. టేపు విప్పితే రాగి తీగ పచ్చగ, తుప్పు పట్టి, పట్టుకుంటే రాలిపోతుంది. పది పోగులల్ల రెండు మూడే అంటుకొని ఉన్నయేమో.

దీనితో పెట్రోలు ఎందుకు తగ్గుతది అని మీరు అడుగుతరు. నేను గూడ ఆ రోజు రాత్రంత అదే చదివిన.

కార్బొరేటర్‌కు వోల్టేజీతో లెక్క లేదు. ఇంజను గాలి గుంజుకుంటది, ఆ గాలి సన్నటి గొంతుల నుంచి పోతుంటే పెట్రోలును తనే పీల్చుకుంటది. అక్కడ బ్యాటరీ బలహీనమైతే స్పార్కు తగ్గుతది, పెట్రోలు సరిగ్గ కాలది, ప్లగ్గు నల్లగ తడిగ వస్తది. అందుకే ఉస్తాద్ లాంటోళ్ల అలవాటుల బ్యాటరీ రోగమంటే నల్ల ప్లగ్గు. తెల్ల ప్లగ్గు వచ్చేసరికి ఆయన బ్యాటరీ దిక్కు మళ్ల చూడలేదు. అది ఆయన తప్పు కాదు, చూసినా అని చెప్పింది నేను.

ఇంజెక్షన్ బండిల కథ వేరు. ఇంజెక్టర్ అంటే లోపల ఒక కాయిల్, ఒక సూది, సూదిని మూసి పట్టే స్ప్రింగు. కాయిల్‌కు కరెంటు ఇస్తే అయస్కాంతమై సూదిని లేపుతది, పెట్రోలు చిమ్ముతది. పెట్రోలు ఒత్తిడి దాదాపు ఒకే తీరుగ ఉంటది కాబట్టి సూది ఎంతసేపు లేచి ఉంటే అంత పెట్రోలు. ఆ సమయాన్ని ఈసీయూ మిల్లీసెకన్లల్ల లెక్క కట్టి ఇస్తది. కానీ కరెంటు ఇచ్చిన క్షణంలనే సూది లేవది. కాయిల్ల కరెంటు పెరగాలె, స్ప్రింగును, పెట్రోలు ఒత్తిడిని గెలవాలె. ఆ ఆలస్యం వోల్టేజీని బట్టి మారుతది. వోల్టేజీ తక్కువుంటే కరెంటు మెల్లగ పెరుగుతది, సూది లేటుగ లేస్తది.

ఒక లెక్క చూద్దాం. 14 వోల్టులకు ఆలస్యం 1 మిల్లీసెకను, 10 వోల్టులకు 1.7 అనుకోండి. ఈసీయూ 3 మిల్లీసెకన్ల హుకుం ఇస్తే, 14 వోల్టుల కాడ 2 మిల్లీసెకన్ల పెట్రోలు పడ్తది, 10 కాడ 1.3 మాత్రమే. హుకుం అదే, పెట్రోలు మూడో వంతుకు పైగ మాయం. ఇంజెక్టరు మంచిదే, పంపు మంచిదే, పెట్రోలు మంచిదే.

ఈ సంగతి తయారుచేసినోళ్లకు తెల్వదా అంటే, మొదటి నుంచి తెల్సు. బాష్ కంపెనీ 1967ల ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుకు డీ-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. దాని తర్వాత 1970లల్ల వచ్చిన ఎల్-జెట్రానిక్‌ల బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఆ మేరకు సమయం పెంచే ఏర్పాటు ఉంది. మారుతి ఎంపీఎఫ్ఐల గూడ ఈసీయూ వోల్టేజీ చూసుకుంట సమయం కలుపుతది.

కిటుకు ఇక్కడుంది. ఈసీయూ చూసేది తన పిన్ను దగ్గరికి వచ్చే వోల్టేజీ. ఇంజెక్టర్ దగ్గర ఎంత ఉందో దానికి తెల్వది. సారు కారుల జాయింటు ఇంజెక్టర్లకు పోయే కొమ్మ వైరు మీద ఉంది, ఈసీయూ వైరు మంచిగుంది. అది "నాకు 13.8 ఉంది, అందరికీ అంతే ఉంటది" అనుకొని లెక్క వేస్తుంది. ఇంజెక్టర్లకు అంతకన్న తక్కువ అందుతుంది. మిశ్రమం పల్చబడింది. దీనికి ఉల్టా గూడ అయితది. ఈసీయూకు వచ్చే వైరే చెడిపోయిందనుకోండి, అది వోల్టేజీ తక్కువ ఉందనుకొని అవసరం లేని సమయం కలుపుతది, పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడ్తది.

మధ్యాహ్నం ఎందుకు మంచిగ నడిచిందంటే, సైలెన్సర్ పైపుల ఆక్సిజన్ సెన్సర్ ఉంటది. పొగల మిగిలిన ఆక్సిజన్ చూసి ఈసీయూకు చెప్తది, అది పెట్రోలు సర్దుతది. కానీ ఆ సెన్సర్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేగాని పని చెయ్యది. పొద్దుగాల చల్లటి ఇంజనుకు దాని సాయం లేదు. పైగ చల్లటి ఇంజనుల పెట్రోలు సగం గోడలకు అంటుకుంటది, ఆవిరి కాదు, కాబట్టి అప్పుడే ఎక్కువ పెట్రోలు కావాలె. అప్పుడే స్టార్టర్ మోటరు వంద ఆంపియర్ల పైన గుంజుతది, బ్యాటరీయే 10 దాక పడిపోతది. దాని మీద జాయింటు ఇంకా మింగుతది. రాత్రి సిగ్నల్ల వణుకుడు గూడ అంతే. ఐడిల్ల ఆల్టర్నేటర్ మెల్లగ తిరుగుతది, లైట్లు, బ్లోయర్ గుంజుతయ్, వోల్టేజీ కిందికొస్తది. వోల్టేజీ తగ్గేకొద్దీ సూది ఆలస్యం ఇంకా జోరుగ పెరుగుతది. పైన ఒక వోల్టు పోతే పెద్ద తేడా ఉండది, కింద అదే ఒక వోల్టు పోతే బండి ఆగిపోతది.

నేను మొదలు చూసినప్పుడు 12.4 ఎట్ల వచ్చింది మరి? పిన్ను ఊడబీకి చూసిన గదా. మీటరు దాదాపు కరెంటే తాగదు. కరెంటు పారకపోతే జాయింటు మింగేది ఏముంటది? రెండు పోగులు అంటుకొని ఉన్నా మీటరు నిండ చూపిస్తది. బాపు చెప్పింది అక్షరాల అదే.

జాయింటు కోసి, కొత్త తీగ పెట్టి, సోల్డర్ చేసి, స్లీవ్ వేసినం. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి పోయే పట్టీ గూడ విప్పి గీకి బిగించినం. మళ్ల బల్బు పెడితే 12.1, వెలుగు తెల్లగ. ఖర్చు చెప్పాలంటే నూరు రూపాయలు గూడ కాదు.

బైకులున్న తమ్ముళ్లకు ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, ఇదే లెక్క వాటికి గూడ. బ్యాటరీ పూర్తిగ పడుకుంటే తోసి లేపుదామంటే లేవది, పెట్రోలు పంపుకే కరెంటు కావాలె. ఇంకోటి, ఈ బల్బు పరీక్ష కరెంటు తెచ్చే వైర్లకే చెయ్యాలె. సెన్సర్ల సన్న వైర్లకు, ఈసీయూ సిగ్నల్ వైర్లకు బల్బు పెడితే ఈసీయూ కాలుతది. తెల్వకుంటే అడగండి. నేను చెప్తున్న ఈ మాట నాకే చెప్పుకుంటున్నట్టుంది.

మిగిలింది అసలు కష్టమైన పని. జాయింటు దొరికినప్పుడు ఉస్తాద్ సంబురపడి "షాబాష్ బేటా, నువ్వే పట్టినవ్" అని చాయ్ తెప్పించిండు. షెడ్డుల పిల్లలంత నా దిక్కే చూస్తున్నరు. నేను చాయ్ తాగిన. ఏం మాట్లాడలే. రెండు రోజులు అట్లనే ఉన్న. మొదటి రోజే సరిగ్గ చూసుంటే ఆ 5,500 ఖర్చు కాకపోవు, అమ్మగారు ఆటోల పోకపోవు అని నాకు తెల్సు, వాళ్లకు తెల్వదు. మూడో రోజు షెడ్డు మూసేటప్పుడు చెప్పిన. "ఉస్తాద్, ఆ రోజు పిన్ను ఊడబీకి చూసిన, లోడు పెట్టి చూడలే. సరిగ్గ తెల్వకుండనే ఓకే అన్న."

ఆయన చానాసేపు మాట్లాడలే. షట్టరు గుంజి తాళమేసి, "సారుకు ఎవరు చెప్తరు మరి?" అన్నడు. నేనే చెప్త అన్న. మరుసటి రోజు సారు ఇంటికి పోయి చెప్పిన. అమ్మగారు కంటికి పచ్చ గుడ్డ కట్టుకొని కుర్చీల కూసొని ఉంది. సారు అంత విని, "లోడు పెట్టి చూడాలని ఎట్ల తట్టింది?" అని అడిగిండు. బాపు సంగతి చెప్పిన. మాస్టర్ గదా, జాయింటు బొమ్మ కాగితం మీద వేయించుకొని గాని వదలలేదు.

ఉస్తాద్ సారు అడ్వాన్సు 3,000 వాపస్ ఇచ్చి, జాయింటు పనికి 500 మాత్రం తీసుకున్నడు. సెకండ్ హ్యాండ్ పంపు, ఇంజెక్టర్లు విప్పి మళ్ల పాతవే పెట్టినం. తీసిన సామాను రాణిగంజ్‌ల వాపస్ తీసుకోలే, షెడ్డు అటక మీద ఉంది, ఎవరికన్న కావాల్నంటే చెప్పండి, మంచిగనే ఉన్నయ్. నష్టంల సగం నాది, 2,750. వారానికి 250 కోస్తుండు. ఐదు వారాలు అయింది, ఇంకా 1,500 ఉంది. స్కాలర్‌షిప్ పడితే ఒకేసారి ఇద్దామనుకున్న, పడలే ఇంకా, మీకు తెల్సు గదా.

బాపుకు మొన్న పండుగకు పోయినప్పుడు చెప్పిన. కారుల గూడ జంపరు కాలుతదా అని నవ్విండు. యాడి మాత్రం ఆ 2,750 లెక్క రెండుసార్లు అడిగింది.

పోయిన ఆదివారం ఒక పాత జెన్ వచ్చింది, స్టార్టింగు రోగమే. నేను మీటరు కోసం డబ్బా తెరిస్తే ఉస్తాద్ అవతలి నుంచి బల్బు విసిరిండు.